హోం విజిట్‌లో పెత్తనం ఎవరిదో పట్టుకోవడం ఎలా? ఫీల్డ్ వర్క్‌కు వెళ్లేవాళ్ల కోసం

"మేడం, రికార్డులో పవర్ అనాలిసిస్ అని ఒక భాగం ఉంది. అందులో ఏం రాయాలి?" ఫీల్డ్ వర్క్ మొదలైన రెండో వారానికల్లా ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివే పిల్లలు అడుగుతారు, చిత్తూరు వైపు సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

పవర్ అనాలిసిస్ అంటే మీరు వెళ్లిన ఇంట్లో ఎవరి పెత్తనం ఎవరి మీద నడుస్తోందో చూడడం. సిద్ధాంతం మూడు ముక్కల్లో ముగిద్దాం. ఎవరు "ఊఁ" అంటే పని జరుగుతుందో, ఎవరు "ఊహూఁ" అంటే ఆగిపోతుందో వాళ్ల చేతిలో ఉన్నది అధికారం. ఊరి మాటలో పెత్తనం. అడగకుండానే, ఏ కష్టమూ పడకుండానే మనకు దక్కింది ప్రివిలేజ్. పరీక్షలో "విశేషాధికారం" అని రాయండి, మార్కులు వస్తాయి. నేను మాత్రం వెసులుబాటు అంటాను, ఎందుకంటే అది ఉన్నవాళ్లకు అధికారంలా అస్సలు అనిపించదు. ఇక అణచివేత అంటే ఒక చెడ్డ మనిషి చేసే పని అనుకోకండి. ఆ మనిషి బదిలీ అయి వెళ్లిపోయినా అదే జరుగుతూ ఉంటే అది అణచివేత.

కావలసినవి

- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్. ప్యాడ్, ఫైలు వద్దు. వాటిని చూడగానే సర్వేకి వచ్చారనుకుంటారు, పింఛను తీసేస్తారేమోనని బిగుసుకుపోతారు.
- రెండు రంగుల పెన్నులు.
- మాట తెలిసిన తోడు. సత్యవేడు, నగరి వైపైతే తమిళం, కుప్పం వైపైతే తమిళమో కన్నడమో వచ్చినవాళ్లు. ఇంట్లో వేరే భాష మాట్లాడుకునే మనిషిని తెలుగులో బాధ చెప్పమనడం కూడా పెత్తనమే.
- విజిట్‌కు ముందు అరగంట, తర్వాత గంట. ఆ గంట అదే రోజు. మర్నాడు రాస్తే మనకు నచ్చిందే గుర్తుంటుంది.

1. ముందు మీ పేజీ మీరు రాయండి

నోట్‌బుక్ మొదటి పేజీలో, మీరు వెళ్తున్న వాడకు మీతో పాటు ఏమేం వస్తున్నాయో రాయండి. ఇంటిపేరు, కాలేజీ గుర్తింపు కార్డు, బూట్లు, ఇంగ్లీషు ముక్కలు, గ్రామ సచివాలయంలో అడుగుపెడితే "కూర్చోండి" అనిపించుకునే వాలకం. చాలామంది రాయడం మరిచిపోయేది ఒకటుంది: సాయంత్రం ఐదింటి బస్సెక్కి వచ్చేయగలగడం. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషి ఆ రాత్రి అక్కడే పడుకోవాలి.

తప్పు చేసినట్టు తలదించుకోవడానికి కాదు ఈ పేజీ. "అయ్యో, నేనెంత అదృష్టవంతురాలిని" అని రెండు పేజీలు రాసుకొచ్చిన రికార్డులు చాలా చూశాను. వాటివల్ల ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. జాబితా రాయండి, చాలు.

మీరే దళితవాడ నుంచి వచ్చినవారైతే ఈ పేజీ వేరుగా ఉంటుంది. ఊళ్లోకి వెళ్లగానే మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఇంటిపేరేంది మా?" అది పేరు కోసం అడిగే ప్రశ్న కాదని మీకూ తెలుసు, అడిగినవాళ్లకూ తెలుసు. చెప్పాలన్న రూలేమీ లేదు. "కాలేజీ పంపిందండీ, పింఛన్ల గురించి మాట్లాడాలి" అని మాట మళ్లించవచ్చు. ఒకవేళ చెప్పాక పలకరింపు మారితే అది మీ తప్పు కాదు. ఆ మార్పును ఉన్నది ఉన్నట్టు రాయండి, అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పండి, ఆ ఇంటికి మళ్లీ ఒంటరిగా వెళ్లకండి.

2. ఎవరి వెంట వెళ్తున్నారో చూసుకోండి

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. పనిలో చేరిన మొదటి ఏడాది, ఒక మామిడి తోట పక్కనున్న ఎస్టీ కాలనీకి వెళ్లాం. బస్సు లేదు. తోట యజమాని మర్యాదగా తన జీపు ఇచ్చాడు, డ్రైవరునూ ఇచ్చాడు. చెట్టు కింద పదిహేను మందిని కూర్చోబెట్టి "కూలి సరిగ్గా ఇస్తున్నారా?" అని అడిగాం. "ఇస్తున్నారు మా" అన్నారు అందరూ. ఒక్కరూ మా వైపు చూడలేదు, జీపు వైపు చూశారు. ఆ చూపు నాకు ఏడాది తర్వాత గుర్తొచ్చింది. ఆరోజు మాత్రం "కూలి సక్రమంగా అందుతోంది" అని రాసి సంతకం పెట్టాను. నన్ను పంపిన సంస్థకూ ఆ వాక్యం నచ్చింది.

కాబట్టి మొదటిసారి సర్పంచ్ ఇంట్లో కాఫీ తాగి, వాళ్ల మనిషిని వెంటేసుకుని వాడకు వెళ్లకండి. ఊరి పెద్దను కలవకపోతే కోపం వస్తుందనుకుంటే, వాడ చూసి తిరిగొచ్చేటప్పుడు కలవండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త వెంట వెళ్లడం కొంత మేలు. అయితే వాళ్లకూ కులం ఉంటుంది, వాళ్లు అడుగుపెట్టని గడపలూ ఉంటాయి. "ఈ వీధిలో మీరు ఎక్కువగా వెళ్లని ఇల్లు ఏది?" అని అడిగి, రెండోసారి అక్కడికే వెళ్లండి.

వేళ కూడా ముఖ్యం. పదకొండింటికి వెళ్తే కూలికి పోనివాళ్లే దొరుకుతారు. జూన్, జులైలో తోతాపురి కోతలప్పుడైతే వాడలో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. పొద్దున ఏడులోపు గానీ, సాయంత్రం ఆరు తర్వాత గానీ చూసుకోండి. మీ కాలేజీ టైమింగ్స్‌కు అది కుదరదంటే, కుదరలేదని రికార్డులో రాయండి. ఎవరితో మాట్లాడలేకపోయారో కూడా అందులో భాగమే.

3. మొదటి పది నిమిషాలు: కుర్చీ, నీళ్లు

ఇంట్లో ఒకే ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. మిమ్మల్ని చూడగానే కొంగుతో తుడిచి వేస్తారు. మీరు కూర్చుంటే అవ్వ కింద కూర్చుంటుంది, కోడలు తలుపు వెనక నిలబడుతుంది. ఇక ఆ గంటంతా మీరు పైనుంచి అడుగుతారు, వాళ్లు కిందనుంచి చెబుతారు. "నేను కింద కూర్చుంటే బాగుంటుంది అవ్వా, నడుము నొప్పి లేదు నాకు" అని నవ్వుతూ అరుగు మీదో చాప మీదో కూర్చోండి. రెండుసార్లు బతిమాలినా ఒప్పుకోకపోతే కుర్చీలోనే కూర్చోండి. అతిథిని కుర్చీలో కూర్చోబెట్టడం వాళ్ల మర్యాద. బలవంతంగా దాన్ని కాదని, మీ సమానత్వం మీరు నిరూపించుకోనక్కర్లేదు.

నీళ్ల సంగతి ఇంతకంటే పెద్దది. దళితవాడలో మీరు వెళ్లగానే పిల్లోణ్ణి అంగడికి పరుగెత్తిస్తారు, చల్లటి కూల్‌డ్రింక్ తెస్తాడు. మనకది ఆప్యాయతలా కనిపిస్తుంది. ఆప్యాయతే, కానీ దాని వెనక "మా ఇంట్లో నీళ్లు తాగుతారో లేదో" అనే లెక్క ఉంది. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది, ఆ లెక్క మాత్రం ఇంకా రద్దు కాలేదు. పిల్లోడు పరుగెత్తకముందే "దాహంగా ఉంది, నీళ్లు ఇవ్వు అవ్వా" అని అడగండి. తాగండి. మీ సీసా సంచిలోంచి బయటికి తీయకండి. నీళ్లు పడవని నిజంగా భయమైతే టీ అడగండి, అది కాగి వస్తుంది.

4. నాలుగు ప్రశ్నలు

సంభాషణ మధ్యలో, వరసగా కాకుండా, ఈ నాలుగూ రాబట్టాలి.

- కాగితం మీద పేరు ఎవరిది?
- డబ్బు ఎవరి చేతిలో పడుతుంది, చివరికి ఎవరి చేతికి పోతుంది?
- మీ ఎదురుగా ఎవరు మాట్లాడడం లేదు?
- వద్దంటే ఏమవుతుంది?

నాలుగోది ప్రాణం. మిగతా మూడూ దానికి దారి వేయడానికే. ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, నాలుగైదు ఇళ్లు కలిపి అల్లింది.

అవ్వకు ఒకటో తేదీన సచివాలయం మనిషి ఇంటికొచ్చి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను చేతికిస్తాడు. సాయంత్రానికి అది కొడుకు దగ్గర ఉంటుంది. ట్రైనీ అమ్మాయి "కొడుకు తల్లి పింఛను లాక్కుంటున్నాడు, ఇది వృద్ధుల మీద వేధింపు" అని రాసుకొచ్చింది. "ఇవ్వనంటే ఏమవుతుందని అడిగావా?" అన్నాను. అడగలేదు. మళ్లీ వెళ్లి అడిగింది. అవ్వ జవాబు: "ఇయ్యకపోతే నన్ను రుయా ఆస్పత్రికి బండి మీద ఎవురు తీసకపోతారు మా?" కొడుకును విడిగా అడిగితే, తోటలో అడ్వాన్స్ తీసుకున్నానని, అది తీరేదాకా వేరే పనికి పోనివ్వరని తేలింది. కోడలిని బావి దగ్గర పలకరిస్తే, కూతురిని పదో తరగతి తర్వాత చదివించడానికి అత్త ఒప్పుకోవడం లేదంది.

ఒకే ఇల్లు. ఎవరు బాధితులు, ఎవరు బాధపెట్టేవాళ్లు? అంబేడ్కర్ కులాన్ని మెట్లమెట్లుగా పేర్చిన అసమానత అన్నాడు. పై మెట్టు మీదవాళ్లు తొక్కుతున్న మనిషి కాళ్లు కింది మెట్టు మీదవాళ్ల భుజాల మీద ఉంటాయి. ఇంట్లోనూ అంతే. అత్తా ఒకింటి కోడలే అన్న సామెత ఊరికే పుట్టలేదు.

హెచ్చరిక: మూడో ప్రశ్నకు జవాబుగా తలుపు వెనకున్న మనిషిని అందరి ముందు "నువ్వు చెప్పు మా" అని పిలవకండి. ఆమె ఆ క్షణంలో ఏదో ఒకటి చెబుతుంది, మీరు వెళ్లాక దానికి జవాబుదారీ అవుతుంది. నీళ్ల దగ్గర, పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చే దారిలో విడిగా దొరికేదాకా ఆగండి.

5. చేతుల పటం గీయండి

ఊరి పటం కాదు, చేతుల పటం. మధ్యలో అవ్వ. చుట్టూ కొడుకు, కోడలు, మనవరాలు, తోట యజమాని, అంగడి ఖాతా, సచివాలయం, ఆస్పత్రి. ఎవరి "ఊఁ" కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో చూసి, ఎదురుచూసేవాళ్ల నుంచి ఆ "ఊఁ" అనేవాళ్ల మీదికి బాణం గీయండి. అవసరం కోసమైతే నీలం, భయం కోసమైతే ఎరుపు. "వద్దంటే" పోయేది పెద్దదైతే బాణం లావుగా.

చివరగా మిమ్మల్ని కూడా పటంలో పెట్టండి. ఇది దాదాపు అందరూ వదిలేస్తారు. మీరు రాసే నాలుగు వాక్యాల మీద ఆ ఇంటికి సాయం వస్తుందో రాదో ఆధారపడితే, మీ మీదికీ ఒక బాణం రావాలి. (మీ రికార్డుకు మార్కులు వేసే పెన్ను నా చేతిలో ఉంది కాబట్టి మీ నుంచి నా మీదికి కూడా ఒకటి గీసుకోవచ్చు. ఏ రంగో మీ ఇష్టం.)

సరిచూసుకోవడం: బాణాలన్నీ ఒకే మనిషి వైపు పోతే మీరు పటం గీయలేదు, తీర్పు రాశారు. ప్రతి మనిషి దగ్గరా లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ కనీసం ఒక్కో బాణం ఉందేమో వెతకండి. అలాగని అన్నీ సమానమేనని కూడా తేల్చేయకండి. కోడలి మీద అత్త పెత్తనం, ఆ కుటుంబం మొత్తం మీద తోట యజమాని పెత్తనం ఒకే మందం బాణాలు కావు.

6. ఏదైనా చేసేముందు: దెబ్బ ఎవరికి తగులుతుంది?

మనవాళ్లు తొందరపడేది ఇక్కడే. కొడుకు అడ్వాన్స్ కట్టు చూడగానే ఒకరిద్దరికి రక్తం మరిగి తోట యజమాని దగ్గరికి వెళ్లి నిలదీస్తారు. వద్దు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అలాంటి కట్టుబానిస అప్పు తీర్చాల్సిన పని లేదు, ఆ అప్పు రద్దయినట్టే. కానీ మీరు టీ అంగట్లో ఈ ముక్క గట్టిగా చెబితే ఆ రాత్రే కుటుంబాన్ని వేరే తోటకో, రాష్ట్రం దాటించో పంపేయగలరు. సూపర్‌వైజర్ ద్వారా ఆర్డీఓకు గానీ కలెక్టర్‌కు గానీ రాతపూర్వకంగా పోవాలి. విముక్తి పత్రం చేతికి వచ్చేలా చూడాలి, అది లేకపోతే పునరావాసం మాటే ఉండదు. అంతకంటే ముందు, ఆ కుటుంబం ఏమంటోందో వినాలి. వాళ్లు "ఇప్పుడే వద్దు మా" అంటే, ఎందుకో అర్థమయ్యేదాకా కూర్చోండి. పిల్లల చేత పని చేయిస్తున్నా, ప్రాణానికి ముప్పు ఉన్నా మాత్రం ఆగకూడదు, సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పాలి.

మిగతావి త్వరత్వరగా:

- "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "నీకు మంచి జరగడానికి అవసరమైనవాళ్లకే చెబుతాను" అనండి.
- ఇంట్లో కొట్టే భర్త ఉంటే కరపత్రం ఇచ్చి రాకండి, అది అతని చేతిలో పడుతుంది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమెకు నోటితో చెప్పి, రెండుసార్లు తిరిగి చెప్పించండి. చిన్న నంబరే, గుర్తుంటుంది.
- కులం పేరుతో దాడి జరిగిందని ఎవరైనా చెబితే మీరు విచారణాధికారి కాకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణే చెబుతోంది. "పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి" అన్న సలహా మీ నోట రాకూడదు. 14566 ఆ ఫిర్యాదుల హెల్ప్‌లైన్.
- వకీలు ఖర్చు భయపెడితే, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. నంబరు 15100.

7. రికార్డు రాయడం

నేను ఎర్ర ఇంకుతో అత్యధికంగా కొట్టేసే వాక్యం: "వీరికి అవగాహన లేదు." ఈ ఒక్క వాక్యంతో వ్యవస్థ తప్పంతా మనిషి నెత్తిన పడుతుంది. ఉదాహరణకు కులధ్రువీకరణ పత్రం లేని యానాది (ఎస్టీ) కుటుంబం. "అవగాహన లేక తీసుకోలేదు" అని రాస్తారు. అసలు సంగతి: ఆధార్‌లో భర్త పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. దాన్ని సరిచేయడానికి మూడుసార్లు తిరిగారు, మూడు రోజుల కూలి పోయింది. నాలుగోసారి "సర్వర్ లేదు, రేపు రండి" అన్నారు. వాళ్లకు అవగాహన బాగానే ఉంది, తిరిగితే కూలి పోతుందని కూడా ఉంది.

ఇలా మార్చి చూడండి:

- "సహకరించలేదు" బదులు, ఏం అడిగారో, వాళ్లు ఏమన్నారో, ఆ సమయంలో ఎవరు పక్కనున్నారో.
- "తాగుబోతు కుటుంబం" బదులు, ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఏం నష్టం.
- "ఎస్సీ కుటుంబం" అని ఒక్క ముక్కలో బదులు, అవసరమైన చోట, వాళ్లకు అభ్యంతరం లేకపోతే, ఏ సమూహమో. 2025లో మన రాష్ట్రం ఎస్సీలను మూడు గ్రూపులుగా వర్గీకరించింది ఆ తేడాలు ఉన్నాయనే.

ఫోటోల గురించి రెండు ముక్కలు. బియ్యం సంచి అందిస్తూ తీసిన ఫోటో గ్రూపులో పెట్టడానికి అవ్వ "సరే" అంటుంది. ఆ సరేకు ముందు "వద్దంటే బియ్యం ఇవ్వరేమో" అన్న ప్రశ్న ఉందా లేదా? ముందు సంచి ఇచ్చేయండి, అవ్వ ఇంట్లో పెట్టుకుని రానివ్వండి, అప్పుడు అడగండి. చాలాసార్లు జవాబు మారుతుంది.

తరచుగా చేసే తప్పులు

"మేడం, మేం వెళ్లిన ఊళ్లో కులం లేదు." ఉంది. శ్మశానం ఎన్ని చోట్ల ఉందో, జాతరలో పొంగళ్లు ఎవరు ఎక్కడ పెడతారో అడగండి.

మహిళా సంఘం లీడరు చెప్పిందే ఊళ్లోని ఆడవాళ్లందరి మాట అనుకోవడం ఇంకో తప్పు. సంఘంలో లేనివాళ్లు, అప్పు కట్టలేక బయటికి వచ్చేసినవాళ్లు ఎక్కడున్నారో వెతకాలి. "నోరు లేనివాళ్లకు నోరు అవుతాం" అన్న మాట కూడా మానుకోండి. వాళ్లకు నోరుంది, సచివాలయంలో కుర్చీ లేదు. మీ పని కుర్చీ చూపించి పక్కన నిలబడడం. అర్జీ మీరు రాసి, మీరే ఇచ్చి, మీరే మాట్లాడేస్తే పని తొందరగా అవుతుంది, నిజమే. రెండోసారి కూడా మీరే వెళ్లాల్సి వస్తుంది.

పని సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత ఇవి చూడండి. ఆ ఇంట్లో ఎవరైనా మీకు "కాదు మా, అట్లా కాదు" అని అడ్డు చెప్పారా? ఇప్పటిదాకా అన్నింటికీ తల ఊపుతూనే ఉంటే మీరింకా ఆఫీసు మనిషే. మీరు రాసింది వాళ్లకు చదివి వినిపిస్తే ఒక్క దిద్దుబాటైనా చేశారా? సచివాలయానికి ఈసారి ఎవరు వెళ్లారు, మీరా, కొడుకా, కోడలా? మీరు వెళ్లగానే పిల్లోడు ఇంకా అంగడికి పరుగెత్తుతున్నాడా, లేక "బిందెలో ఉన్నాయి, ముంచుకో" అంటున్నారా?

మీకు ఒక్కటే విజిట్ దొరికితే, కొన్ని సంస్థల్లో అంతే దొరుకుతుంది, ఐదో మెట్టు వదిలేయండి. రెండు, మూడు, నాలుగు చేయండి. రికార్డులో పైన తేదీ కింద "ఒక్కసారే వెళ్లాను, గంటన్నర ఉన్నాను, కోడలితో విడిగా మాట్లాడలేకపోయాను" అని మొదటి వాక్యంగా రాయండి. తర్వాత వెళ్లే ట్రైనీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వాక్యంతోనే తెలుసుకుంటుంది.